చిడియాటాపులో కుక్కరు గిన్నె

అండమాన్ ప్రయాణానికి మా ఇంట్లో అన్నిటికన్నా ముందు సర్దింది రైస్ కుక్కర్. తర్వాత ఆవకాయ, కందిపొడి, పులిహోర గుజ్జు, బొంబాయి రవ్వ, పోపుల డబ్బా. మిగిలిన ఖాళీలో బట్టలు. మా ఆయన త్రినాథరావు గారు ప్లాంటులో ఏ యంత్రానికి ఏ నూనె పడుతుందో చూసే ఉద్యోగి. తన కడుపు విషయంలోనూ అంతే నిక్కచ్చి. ఆయనకి హోటలు తిండి పడదు. అందుచేత మేం ఎక్కడికి వెళ్ళినా వంటిల్లు మాతోపాటే వస్తుంది. ఊటీలో నేను తనివితీరా చూసింది మంచం పక్కనున్న ప్లగ్గు. కాశీలో ప్లగ్గు వదులుగా ఉండేది. గంగ ఎలా ఉందో నన్నడక్కండి.

అంట్లు తోమడానికొచ్చిన నర్సింహమ్మ, సూట్‌కేసులో కుక్కర్ని చూసి ఆగిపోయింది.

"గాడ గూడ నువ్వే వండాల్నా అమ్మా?"

"మరి ఇంకెవరు?"

"ఇగ పోవుడెందుకు? ఈడనే వండుకోరాదు, విమానం కిరాయన్న మిగులుతది!"

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వి, కుక్కరు మీద తువ్వాలు కప్పాను.

నిజానికి ఈ ప్రయాణం నాది. అమీన్‌పూర్‌లో మా ఫ్లాటు వంటింటి బాల్కనీలోంచి, రెండు అపార్ట్‌మెంట్ల సందులో చెరువు ఓ ముక్క కనిపిస్తుంది. గాలి మందుల కంపెనీల వైపు నుంచి వీచని రోజుల్లో, పప్పు ఉడికేలోపు అక్కడ నిలబడి పక్షుల్ని చూడటం అలవాటైంది. నేను బీయస్సీ జువాలజీ. పెళ్ళితో ఆ చదువు కప్ప గుండెకాయ దగ్గర ఆగిపోయింది. ఒకరోజు పిట్టగోడ మీద జెముడుకాకి వాలింది. నల్లటి ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు, అచ్చం మా ఆడపడుచులా ఎర్రగా చూసే కళ్ళు. దాని గురించి చదువుతుంటే తెలిసింది, దీనికి అండమాన్‌లో గోధుమరంగు చుట్టం ఒకటి ఉందని, అది ఆ చుట్టుపక్కల దీవుల్లో తప్ప లోకంలో మరెక్కడా బతకదని. ఆ ముక్క ఎందుకో లోపల గుచ్చుకుని ఉండిపోయింది. ఒక్కసారి దాన్ని చూడాలి. నగ కాదు, చీర కాదు, ఊరికే చూడాలి. ఇలాంటి కోరికని ఇంట్లో చెప్పడానికి సరైన వేళ ఏదో ఏ పంచాంగంలోనూ రాయలేదు. అయినా చెప్పాను.

"కాకి కోసం సముద్రం దాటాలా? మన పిట్టగోడ మీద లేవూ?" అన్నారు మా ఆయన. మర్నాడు ఇంటికొచ్చిన స్నేహితులతో, "మా ఆవిడకి ఖాళీ ఎక్కువైందండీ" అన్నారు. అప్పుడు నేను వాళ్ళందరికీ టీలు పట్టుకుని వస్తున్నాను, ఖాళీగా.

ఎలాగో ఒప్పుకున్నారు. మా అత్తగారు పద్మావతి గారిని కూడా తీసుకుని ముగ్గురం బయలుదేరాం. జైలు చూశాం, పడవెక్కాం, బీచిలో ఫొటోలు దిగాం. ఇంక ఆఖరి రెండు ఉదయాలు మిగిలాయి. పక్షులుండే చిడియాటాపు అడవికి రమ్మని గైడు పవన్‌కుమార్‌తో ముందే ఫోన్లో మాట్లాడుకున్నాను.

"వెళ్ళు, నేనెప్పుడైనా వద్దన్నానా? ఉప్మా మాత్రం చేసిపెట్టి వెళ్ళు" అన్నారు మా ఆయన. ఆయన మాటల్లో మొదటి సగం నలుగురికీ చెప్పుకోవడానికి. రెండో సగం నేను చేసుకోవడానికి.

ముగ్గురికీ ఒకటే హోటలు గది కాబట్టి, ఎవరికీ నిద్రాభంగం కాకుండా బాత్రూములో ఉల్లిపాయలు తరిగాను. సబ్బుపెట్టె మూత మీద పచ్చిమిర్చి. ఉప్మా అయ్యేసరికి ఆయన లేచారు. "అమ్మకి టీ పెట్టావా?" పెట్టాను. "నంజుకోడానికి?" ఆవకాయ సీసా మూత తీశాను. ఆ దీవుల్లో సూర్యుడికి మా ఇంటి పద్ధతులు తెలియవు. మనకి ఇంకా చీకటిగా ఉండే వేళకే అక్కడ తెల్లారిపోతుంది. నేను వెళ్ళేసరికి పవన్‌కుమార్ రోడ్డు పక్కన తల గోక్కుంటున్నాడు. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది, ఆ యాస ఇంకా పోలేదు.

"అయ్యో మేడమ్, ఇప్పుడే రోడ్డు దాటి పొదల్లోకి పోనాది. ఎండెక్కితే ఇంక రాదు. చీకటుండగా రావాల."

లోపలెక్కడో బోలు గొంతుతో ఊప్, ఊప్, ఊప్ అని వినిపించింది. అంతే. దాని మాట విన్నాను, దాన్ని చూడలేదు. మా ఇంట్లో నా సంగతీ దాదాపు అంతే.

"కనబడిందా మీ కాకి?" గదిలోకి అడుగుపెట్టగానే అడిగారు మా ఆయన.

"లేదు."

"నేను ముందే చెప్పలా! అన్నట్టు, ఉప్మాలో ఉప్పు తగ్గింది."

వాష్‌బేసిన్‌లో గిన్నె కడుగుతూ నిలబడ్డాను. అడుగున అంటుకున్న రవ్వని గోటితో గీకుతుంటే నర్సింహమ్మ మాట తిరిగొచ్చింది. ఇగ పోవుడెందుకు? ఆమె హాస్యానికే అంది. అమీన్‌పూర్ నుంచి విమానమెక్కి, సముద్రం దాటి, నేను వచ్చింది మళ్ళీ అదే గిన్నె దగ్గరికి. ఎల్లుండి పొద్దున్నే ఈ గిన్నెతోనే తిరిగి వెళ్తాను. ఆ పిట్ట ఇక్కడే ఉంటుంది. మిగిలింది రేపొక్క ఉదయం.

మర్నాడు చీకటుండగానే లేచాను. స్నానం చేశాను. ఉల్లిపాయ ముట్టలేదు. కుక్కరు వైరు ఊడదీసి, చుట్టచుట్టి, బైనాక్యులర్స్ సంచిలో పెట్టుకుని తలెత్తాను. అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు.

"అమ్మాయ్, ఏంటది?" గుసగుసగా అడిగారు.

"కుక్కరు వైరు, అత్తయ్యగారూ." చెప్పడానికి అబద్ధమేదీ సమయానికి తట్టలేదు.

మావాడికి బయటి తిండి పడదని ఊరూవాడా చాటే మనిషి ఆవిడ. నోరు తెరిస్తే నా ఆఖరి ఉదయం అయిపోయినట్టే. ఆవిడ నిద్రపోతున్న కొడుకు వైపు చూశారు, సంచి వైపు చూశారు.

"వైరొక్కటే తీస్తే కిందకెళ్ళి ఎవరిదో పట్టుకొస్తాడు. తెచ్చి నన్ను చెయ్యమంటాడు. గిన్నె కూడా పెట్టుకో." కాళ్ళు కిందికి దించారు. "ఉండు, నా చెప్పులేవీ?"

ఇద్దరం టాక్సీ ఎక్కాం. అడవి మొదలయ్యాక ఆవిడ అన్నారు. "చిన్నప్పుడు తీర్థంలో బజ్జీలు తిని కక్కుకున్నాడు. ఒక్కసారేనే. అప్పట్నుంచీ పడదు, పడదు అని నేనే అన్నాను. వాడు నమ్మేశాడు."

"మీరు?"

"నేను వండాను."

పవన్‌కుమార్ మమ్మల్ని రోడ్డు మలుపులో నిలబెట్టాడు. చీకటి పలచబడుతోంది. అత్తగారు రాతి మీద కూర్చుని, కుక్కరు గిన్నెలో జంతికలు పోసుకుని చప్పుడు కాకుండా చప్పరిస్తున్నారు. ఎదురుగా పొద కదిలింది. పొడవాటి తోక ముందు కనిపించింది, తర్వాత తల, పాలు ఎక్కువైన టీ రంగులో. తొందరేమీ లేకుండా, ఇల్లు తనదే అన్నట్టు, రోడ్డంచున నాలుగడుగులు వేసి ఎగిరి కొమ్మెక్కింది. ఎవరికీ ఏదీ వడ్డించకుండా నేనింతసేపు నిలబడింది ఇంతకుముందెప్పుడో గుర్తు రాలేదు. కుక్కరు మాతో ఇంటికి వస్తుంది, పాపం దాని తప్పేముంది. కానీ మళ్ళీ ఊరు దాటదు. ఎవరడిగినా ఆ మాటే చెప్తాను, తువ్వాలు కప్పకుండా.

సంచిలో ఫోను గుర్రుమంది. పిట్ట తల తిప్పింది. నేను కదల్లేదు. అత్తగారే చెయ్యి పెట్టి తీశారు.

"ఏవిట్రా? వైరు నా దగ్గరే ఉంది. గిన్నా? అదీ ఇక్కడే ఉంది. కింద హోటల్లో ఇడ్లీ పెడతారుట, వెళ్ళి తిను. ఏం కాదు, నేను చెప్తున్నాగా. అరవకు, పక్షుల్ని చూస్తున్నాం."

ఫోను ఆపి గిన్నెలో పడేశారు. రాతి మీంచి లేచొచ్చి, నా మెడలోంచి బైనాక్యులర్స్ తీసుకుని, కళ్ళజోడు మీదే పెట్టుకున్నారు.

"ఇప్పుడు చెప్పు, ఏ కొమ్మ?"