డార్క్‌రూం బొమ్మ కింద పేరు

పొద్దున ట్రేలు కడుగుతుంటే మా ఆయన ముందు గదిలోంచి కేకేశారు. "లూర్దూ, కంప్యూటర్ కంపెనీ మేడం వస్తది. మంచిగ చాయ్ పెట్టు. చేతులు సబ్బుతోని కడుక్కో, మందు వాసన కొట్టొద్దు."

ఆ వాసన సబ్బుకు పోదు. పెళ్ళైన ఏడాదికి, ఎనభై నాలుగులో, మా మామ జ్ఞానయ్య నాకు చీకటిగదిలో మందులతో ఫొటోలు కడిగే డార్క్‌రూం పని నేర్పారు. నాచారంలో ఈ స్టూడియో ఆయన పెట్టిందే. మందుల వాసనకు కొడుక్కి దగ్గు వస్తుందని కోడలికి నేర్పారు. అప్పట్నుంచి ఈయన ముందు గదిలో ఫొటోలు తీస్తారు, వెనక గదిలో తలుపేసుకుని నేను కడుగుతాను. పదమూడేళ్ళు. మౌలాలి రైల్వే క్వార్టర్ల పెళ్ళిళ్ళు, ఉప్పల్ పిల్లల హాల్‌టికెట్ ఫొటోలు, అన్నీ నా చేతుల్లోనే తేలాయి. వేళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. "నీ చేతి కూరల గూడ మందు వాసనే," అని మా అత్త పళ్ళెం పక్కకు జరిపేది. గిరాకీలు మాత్రం ఈయనతో, "సంజీవన్న కడిగిండంటే నా అసొంటి బర్రెమొఖం గూడ హీరో అయితది," అని నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవారు. ఆ నవ్వు నాకు లోపలికి వినబడేది. తలుపు తీస్తే వెలుతురు తగిలి కాగితం పాడైపోతుంది కనుక నేను తీసేదాన్ని కాదు.

వచ్చిన అమ్మాయి పేరు అరుణకుమారి. గోదావరి వైపు మాట. ఫొటోలు దిద్దే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి స్టూడియోల కోసం చేస్తున్నారట.

"స్క్రీన్ ఆఫీసు ఫారంలా ఉంటే స్టూడియోవాళ్ళు ముట్టుకోవడానికే భయపడుతున్నారండీ. అందుకని దాన్ని డార్క్‌రూంలా గీస్తున్నా. నల్ల గోడలు, ఎర్రదీపం, మూడు ట్రేలు, తీగకి క్లిప్పులు. ఫొటోని మౌసుతో ట్రేలో వేస్తే బొమ్మ మెల్లగా తేలాలి."

గీసిన కాగితం బల్ల మీద పరిచింది. పోయిన వారం మా ఆయన వాళ్ళ ఆఫీసుకెళ్ళి చెప్పినట్టే గీసిందట.

చాయ్ అందిస్తూ చూశాను. మొదటి ట్రే మీద, తేలిన బొమ్మను నిలిపే ఫిక్సర్ అని ఉంది. చివరిదాని మీద, బొమ్మను తేల్చే డెవలపర్. గీసిన గదంతా సర్కస్ డేరాలా ఎర్రగా వెలుగుతోంది.

"గిట్ల పెడితే బొమ్మ రాదమ్మా," అన్నాను. "ముందుగాల ఫిక్సర్ల ఏస్తే కాగితం తెల్లగనే ఉంటది."

"నువ్వు ఊకో," అన్నారు ఆయన. "చాయ్ల శక్కెర సరిపోయిందో లేదో సూడు."

అరుణకుమారి ఆయన్ని చూసింది. తర్వాత నా వేళ్ళను చూసింది. "ఆంటీ, ఒకసారి లోపల చూపిస్తారా?"

తలుపు వేశాను. మామ పోయాక ఆ గదిలోకి ఎవరూ రాలేదు. చీకట్లో ఇంకొకరి ఊపిరి వినబడేసరికి, నా గదిలో ఎక్కడ నిలబడాలో నాకే తెలియలేదు. మూలన చిన్న ఎర్రదీపం, ఆరబోయే బొగ్గంత. కాగితాన్ని డెవలపర్‌లోకి జార్చి, ట్రే అంచు మెల్లగా ఊపుతూ పెదవులు కదిపాను.

"ఏమంటున్నారు ఆంటీ?"

"మరియతల్లికి జెప్పే మంగళవార్త జపమమ్మా. ఆరుసార్లు జెప్తే బొమ్మ నిండుతది. ఈ చీకట్ల గడియారం ఏడ కనబడతది?"

ఆ అమ్మాయి మనసులో లెక్కపెట్టుకుంది. "నిమిషన్నర. స్క్రీన్ మీదా అంతే పెడతా."

కాగితం మీద ముందు కనుబొమలు, ఆ వెనక కళ్ళు వచ్చాయి. "అమ్మో, వచ్చేస్తోందండీ!" అంది. ఇన్నేళ్ళలో ఎన్ని మొహాలు ఇట్లా తేలాయో. చూశావా అని చెప్పుకోవడానికి పక్కన ఒక మనిషి లేడు. ఒక్కోసారి మరియతల్లినే అడిగేదాన్ని, తల్లీ, నీకైనా నేను కనబడుతున్నానా, నీకూ ఇక్కడ చీకటేనా అని. తప్పుమాట అన్నానని వెంటనే సిలువ గుర్తు వేసుకునేదాన్ని.

రెండు వారాలకు అరుణకుమారి మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితంలో ట్రేలు వరసలో ఉన్నాయి. ఎర్రదీపం మూలకు వెళ్ళింది. ట్రేలో నీళ్ళు నేను ఊపినట్టే కదులుతున్నట్టు గీసింది. అచ్చం నా గది. ఆ కంప్యూటర్ వస్తే నా గదితో పనుండదని నాకు తెలుసు. గోడ కొట్టేసి కౌంటరు పెంచుదామని ఈయన అప్పటికే మేస్త్రీతో మాట్లాడారు.

బొమ్మ అడుగున ఒక ఖాళీ గీత ఉంది. "డార్క్‌రూం పని చెప్పినవారి పేరు ఇక్కడ వేస్తామండీ. ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ కనబడుతుంది."

"రాస్కోండ్రి. ఎస్. సంజీవరావు," అన్నారు ఆయన.

ఆ అమ్మాయి పెన్ను ఆపింది. "మరి ఆంటీ పేరు?"

"ఆమెకు గివన్నీ ఎందుకమ్మా? నా పేరుల ఆమె లేదా? మొగుడూ పెండ్లాం ఒక్కటే శరీరమని బైబిల్లనే ఉన్నది."

ఉంది. నేనూ నమ్మిన మాటే. కానీ ఒకే శరీరమైతే వేళ్ళు నావే ఎందుకు మాడాయి? మెప్పు ముందు గదిలోనే ఎందుకు ఆగిపోయింది? అబద్ధ సాక్ష్యం పలకవద్దని కూడా అదే పుస్తకంలో ఉంది. పక్కన నిలబడి నోరు మూసుకుంటే, అదీ సాక్ష్యం పలికినట్టే కదా?

కప్పులు తీయడానికి వంగినదాన్ని, వాటిని అక్కడే వదిలి లేచి నిలబడ్డాను.

"నా పేరు ఏస్తె ఎయ్యి, లేకుంటె లేదమ్మా," అన్నాను. "ఈయన పేరైతే ఎయ్యకు. ఆ రూముల ఈయన ఒక్క దినం గూడ లేడు."