గుడి బెంచీతో చేసిన కుర్చీ

ఊళ్ళో ఎవరి ఇల్లు కూలగొట్టినా మా ఆయనకి పండగే. పేరు బెన్హర్, కరెంటు ఆఫీసులో లైన్‌మాన్. స్తంభం ఎక్కినవాడు తీగలు చూసుకోవాలి కదా, ఈయన మాత్రం పైనుంచి ఏ వీధిలో ఏ పెంకుటిల్లు ఖాళీ అయిందో, ఎవరి గోడ దగ్గర గునపాలు చేరాయో చూసుకుని దిగుతాడు. సాయంత్రానికి మా గేటు ముందు ట్రాలీ ఆటో ఆగుతుంది. అందులోంచి ఒక ద్వారబంధమో, కిటికీ రెక్కలో, తట్టెడు నాపరాతి ముక్కలో దిగుతాయి.

"టేకే ఇది. ఇప్పుడిలాటిది ఎక్కడ దొరుకుతాది?" అంటాడు.

"మనిషి నడవడానికి సోటు దొరకట్లేదు, ముందది సూడండి" అంటాను నేను.

అన్నానే గాని, మా పెరడు చూస్తే నాకూ ముచ్చటే. రోడ్డు వెడల్పులో పోయిన ఇళ్ళ బెంగుళూరు పెంకులు మడుల చుట్టూ అంచులయ్యాయి. పాత కిటికీ ఊచల మీద చిక్కుడు పాదు ఎక్కింది. పగిలిన సిమెంటు తూముల్లో కనకాంబరాలు. ఒకసారి ఎవరో పారేసిన కమోడు కూడా తెచ్చి అందులో బంతి మొక్క వేశాడు. పాస్టరు గారు ప్రార్థనకి వచ్చిన రోజు దాని మీద గోనెసంచి కప్పలేక చచ్చాను. అయినా ఆయన సంచీ పైకెత్తి చూసి, పూలు బాగా పూశాయమ్మా అన్నారు.

ఇంట్లో మాతోపాటు మా మావయ్యగారు, అంటే బెన్హర్ తండ్రి జ్ఞానానందం గారు ఉండేవారు. నౌపడ స్టేషనులో రైల్వే పని చేసి రిటైరయ్యారు. నేను చెప్పబోయేది జరిగేనాటికి మా అత్తగారు సీతమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ అన్న పాల్ గారు కూడా రైల్వేలోనే చేశారు. నాకు పెదనాన్న వరస. బావాబావమరుదులిద్దరూ పట్టాల మీద కలిసి నడిచారు, చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మగవాళ్ళ వైపు, రంగు అద్దాల కిటికీ పక్క బెంచీ. వీళ్ళ కోసం దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఎవరు ముందొస్తే వాళ్ళు మధ్యలో కూర్చునేవారు, రెండో ఆయన రాగానే కాస్త పక్కకి జరిగేవారు. పలకరింపు కూడా ఉండేది కాదు.

ఇద్దరి మధ్యా గొడవ ఆ చర్చి దగ్గరే వచ్చింది. మిషను దొరలు కట్టించిన పాత గుడి అది. మా పెద్దవాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. ఉప్పు కొటార్ల మీంచి వచ్చే గాలికి కప్పులోని ఇనుమంతా తినేసింది. తిత్లీ తుఫానుకి పెంకులు లేచిపోయాయి. ఒక ఆదివారం సండేస్కూలు పిల్లల పక్కనే గోడ పెచ్చు ఊడి పడింది. సంఘ పెద్దగా ఉన్న పాల్ పెదనాన్న, కొట్టేసి కొత్తది కట్టాలన్నారు. ఆరాధన అయ్యాక అందరూ కూర్చున్నప్పుడు మావయ్యగారు లేచారు.

"కొత్తది కట్టుకోండి, నేనొద్దన్లేదు. పక్క జాగాలో కట్టండి. దీన్నెందుకు పడగొట్టడం?"

"పక్క జాగా పల్లం బావా. వానొస్తే నీరు నిలిసిపోతాది. ఈ గోడ రేపు ఏ పిల్ల మీదో పడితే ఎవుడు జవాబు సెప్తాడు?"

"ఆఖరి ప్రార్థనకి సీతమ్మ శవప్పెట్టె దింపింది ఇక్కడే. గుర్తున్నాదా నీకు?"

"నా సెల్లి గుర్తు గోడల్లో ఉంటాదేటి బావా?" అన్నారు పెదనాన్న.

ఆ మాట ఆయన మెల్లగానే అన్నారు. కానీ మావయ్యగారికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సంఘమంతా వింటుండగా వేలెత్తి చూపించి, "నువ్వు దానికి అన్నవే కావు. గోడలు కొట్టడానికి కూలికొచ్చినోడివి" అన్నారు.

పెదనాన్న తువ్వాలు భుజం మీద సర్దుకుని బయటికి వెళ్ళిపోయారు. చెల్లెలు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మంచం పక్కన నేల మీద పడుకున్న మనిషిని పట్టుకుని అనే మాటేనా అది? నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక మజ్జిగ గ్లాసు ఆయన ముందు ఠక్కున పెట్టాను. ఆయనకీ తెలుసు తప్పెవరిదో, గ్లాసు ముట్టుకోలేదు.

ఆ తరువాత గుడి పడగొట్టారు. ఆరాధన స్కూలు వరండాలో, షామియానా కింద జరిగేది. మావయ్యగారు వెళ్ళడం మానేశారు. అయినా నేను దిగులు పెట్టుకోలేదు, మా సంఘంలో ఒక పద్ధతి ఉంది కాబట్టి. నెలలో మొదటి ఆదివారం మాకు బల్ల, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. రొట్టె పళ్ళెం తిరిగే ముందు పాస్టరు గారు, "ఎవరికైనా ఎవరితోనైనా మాట పట్టింపు ఉంటే లేచి సమాధానపడండి" అని ఆగుతారు. ఊరికే అనడం కాదు, నిజంగా ఆగుతారు. ఎవరో ఒకరు లేచేదాకా అలా నిలబడే ఉంటారు. లేచి వెళ్ళి ఎదుటి మనిషి చెయ్యి పట్టుకోవాలి. మాట పట్టింపుతో రొట్టె ముట్టకూడదు. నేనూ మా తోటికోడలు అనిత చెయ్యి అలా పట్టుకున్నదాన్నే, లోపల తిట్టుకుంటూనే. బయటికొచ్చేసరికి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మా ఊళ్ళో గట్టు తగాదాలు కూడా కోర్టు దాకా పోకుండా అక్కడ తెగినవి ఉన్నాయి.

మావయ్యగారు ఎంత మొండివారైనా బల్ల లేకుండా ఉండలేరు. మొదటి నెల తెల్ల చొక్కా వేసుకుని వరండాలో కూర్చుని, గంట కొట్టాక విప్పేశారు. తరువాతి నెల వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేశారు. ఆ పైన నన్ను అడ్డదారిలో అడగడం మొదలుపెట్టారు.

"మీ పెదనాన్నకి మోకాలు నొప్పి తగ్గిందేటి?"

"తగ్గలేదట. కర్ర పట్టుకుని వస్తన్నారు."

"ఎండలో ఎందుకు తిరుగుతాడు ఎదవ" అని గొణుక్కునేవారు. ఆ తిట్టు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ నెల బల్ల ఇంకా వారం ఉందనగా తెల్ల పంచె తనే నీలిమందులో జాడించి ఆరేసుకున్నారు. ఈసారి మలుపు దాటుతారని నాకు గట్టి నమ్మకం.

సరిగ్గా ఆ వారమే మా ఆయనకి ప్రేమ పొంగుకొచ్చింది. కొత్త గుడికి వైరింగు పని ఊరికే చేసి పెడతానన్నాడని, పాత గుడి సామాను కావలసింది పట్టుకెళ్ళమన్నారు కమిటీవాళ్ళు. రంగు అద్దాల కిటికీలు, పెంకులు, బల్ల దగ్గరి నల్ల రాళ్ళు, ఆ బెంచీ, అన్నీ తెచ్చాడు. తండ్రి పాత గుడి కోసం బెంగపెట్టుకున్నాడని, పెరట్లో జామచెట్టు కింద ఆ సామానుతోనే చిన్న పాక వేద్దామని ఆయన ఆలోచన. ఆ ఆలోచనలో చెడు ఎక్కడుంది? అదే నా బాధ.

పాక వేశాక చూస్తే బెంచీ లోపల పట్టలేదు. నేను బట్టలు ఉతుకుతుంటే రంపం చప్పుడు వినిపించింది. తడి చేతులతోనే పరుగెత్తాను.

"ఏటండీ ఇది? ఆ బెంచీ కోసేస్తన్నారా? ఇద్దరు కూర్చునేది అది!"

"ఇద్దరెక్కడున్నారే? కూర్చునేది నాన్నొక్కడే కదా" అన్నాడు రంపం ఆపకుండా.

"ఈ ఆదివారం అవనీండి. మావయ్య గుడికెల్దామని సూస్తన్నారు. ఇప్పుడే ఇది తయారు సెయ్యకండి."

"ఎల్లనీ, ఎవుడొద్దన్నాడు? వచ్చాక ఇక్కడ కూర్చుంటాడు."

నేను రోజూ దేనికో ఒకదానికి ఈయన మీద అరుస్తాను. ద్వారబంధానికి అరుస్తాను, మేకులకి అరుస్తాను. అందుకని ఆ రోజు అరుపు కూడా వాటిలో కలిసిపోయింది. బెంచీలో సగం కుర్చీకి కూర్చునే చెక్క అయింది. మిగతా సగం వీపు చెక్క, చేతులు అయ్యాయి. చిత్రిక పట్టి, ఉప్పుకాగితం రుద్ది, వార్నీష్ వేశాడు. నిజం చెప్పాలంటే అంత మంచి కుర్చీ మా ఇంట్లో మరొకటి లేదు.

శనివారం సాయంత్రం తండ్రిని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాడు. మావయ్యగారు కిటికీ అద్దాన్ని చేత్తో తడిమి చూసుకున్నారు. కుర్చీలో కూర్చున్నాక కొడుకు తల దగ్గరికి లాక్కుని ఏడ్చారు. నాకూ కన్నీళ్ళాగలేదు, నేనేమీ రాయిని కాను.

మర్నాడు స్కూలు దగ్గర గంట మోగింది. మావయ్యగారు నీలిమందు పెట్టిన పంచె కట్టుకుని బైబిలు, కీర్తనల పుస్తకం పట్టుకున్నారు. గేటు వైపు రాలేదు. పెరట్లోకి వెళ్ళి పాకలో కూర్చున్నారు.

"గుడికి రారా మావయ్యా?" అన్నాను, తెలిసే.

"ఇక్కడే బాగున్నాదమ్మా. అదే కిటికీ, అదే ఎండ" అన్నారు.

ఒక్కరే కీర్తన ఎత్తుకున్నారు. మేం వెళ్ళేసరికి బల్ల మొదలైంది. పాస్టరు గారు సమాధానపడమని ఆగినప్పుడు పాల్ పెదనాన్న కర్ర మీద చేతులు పెట్టుకుని స్కూలు గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. పళ్ళెం వచ్చాక ఆయన తీసుకోలేదు. మావయ్యగారికి ఆ సంగతి చెబితే, "నేనేటి వద్దన్నానా?" అని విసుక్కున్నారు. ఆ తరువాత ప్రతి ఆదివారమూ పాకలోనే. కొత్త గుడి ప్రతిష్ఠకి కూడా రాలేదు.

ప్రతిష్ఠ అయిన వారానికి ఒక ఆదివారం మధ్యాహ్నం పెదనాన్నే వచ్చారు. నేను కుళాయి దగ్గర ఉన్నాను. బెన్హర్ సంబరపడిపోయి ఆయన్ని పెరట్లోకి తీసుకొచ్చాడు. కర్ర ఆనించుకుంటూ పాక చుట్టూ ఒకసారి తిరిగారాయన. పెంకులు చూశారు, అద్దాలు చూశారు. లోపల మావయ్యగారు కుర్చీలోనే ఉన్నారు, చూపు పుస్తకం మీద ఉంది.

"మన బెంచీ ఏదిరా?" అన్నారు పెదనాన్న.

"ఇదే మావయ్యా! సగానికి కోసి కుర్చీ సేసాను. బాగున్నాది కదా?" అన్నాడు బెన్హర్.

"కోసేసినావేటిరా" అన్నారాయన. కుర్చీ చెయ్యి మీద వేలితో ఒకసారి రాశారు. "బాగున్నాది. బాగా సేసినావు."

నిలబడే ఉన్నారు. ఆ పాకలో కూర్చోడానికి ఇంకేమీ లేదు. బరువంతా కర్ర మీద వేశారు. బెన్హర్ ప్లాస్టిక్ కుర్చీ కోసం వరండాలోకి పరుగెత్తాడు. అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయి, వాటిని లాగుతున్న చప్పుడు పెరట్లోకి వినిపిస్తోంది. లేవండి మావయ్యా, లేచి కూర్చో బావా అనండి, ఇంకో మాట అక్కర్లేదు అని నేను లోపలే అరుస్తున్నాను. బెంచీ ఉండి ఉంటే ఆ మాట కూడా అక్కర్లేదు, అలవాటు కొద్దీ పక్కకి జరిగేవారు. కుర్చీలో ఎటు జరుగుతారు?

మావయ్యగారు రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, సగం లేచారు. నేను చూశాను, నిజంగా లేచారు. తను వచ్చినందుకే బావ లేచి ఇంట్లోకి వెళ్ళిపోతున్నారనుకున్నారు పెదనాన్న.

"నువ్వు కూర్చో బావా, కూర్చో. నేనే ఎల్తన్నాను. మళ్ళీ వస్తాను" అని వెనక్కి తిరిగారు.

మావయ్యగారు మళ్ళీ కుర్చీలోనే కూర్చుండిపోయారు. బెన్హర్ కుర్చీ తెచ్చేసరికి గేటు గడియ పడిన చప్పుడు వినిపించింది.

"ఎల్లిపోయాడేటి?" అన్నాడు బెన్హర్ కుర్చీ పట్టుకునే.

వానలు మొదలైన వారంలో పాల్ పెదనాన్న నిద్రలోనే పోయారు. మావయ్యగారు కబురు వినగానే చెప్పుల్లేకుండా నడుచుకుంటూ వెళ్ళారు. కొత్త గుడిలో ఆయన మొదటిసారి అడుగుపెట్టింది బావమరిది పెట్టె వెనకే. సమాధి దగ్గర పిడికెడు మట్టి వేసి, వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. బెన్హర్, నేను చెరో రెక్కా పట్టుకుని లేపాం.

ఆ వారమంతా బెన్హర్ డ్యూటీ నుంచి రాగానే పాకలో కూర్చునేవాడు. కుర్చీ ఊడదీశాడు, చెక్కలు పక్కపక్కన పేర్చి ఇనుప పట్టీలు కొట్టి అతకాలని చూశాడు. చేతుల కోసం గుండ్రంగా చెక్కేసిన ముక్కలు మళ్ళీ బెంచీకి ఎలా వస్తాయి? తండ్రి గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు.

"వదిలెయ్‌రా. నీ తప్పేటున్నాది ఇందులో? జరగాల్సినోడ్ని నేను కదా" అన్నారు.

దానితో మా ఆయన ఏడ్చిన ఏడుపు నేను పెళ్ళయిన ఇన్నేళ్ళలో చూడలేదు. ఎప్పుడూ అరిచేదాన్ని, ఆ రోజు ఆయన చేతిలోంచి సుత్తి తీసి పక్కన పెట్టాను.

మళ్ళీ మొదటి ఆదివారం వచ్చింది. మావయ్యగారు అందరికంటే ముందు తయారై, మలుపు దాటి, గంట కొట్టకముందే గుడిలో కూర్చున్నారు. పక్కన బెన్హర్. నేను ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తున్నాను. పాస్టరు గారు ఎప్పటిలాగే, "మాట పట్టింపు ఉంటే లేచి సమాధానపడండి" అని ఆగారు.

మావయ్యగారు లేచారు.

లేచి మగవాళ్ళ వైపు వరసలన్నీ చూశారు. ఎటూ కదల్లేదు. చాలామందికి సంగతి తెలుసు, తలలు దించుకున్నారు. పాస్టరు గారే దిగివచ్చి ఆయన చెయ్యి పట్టుకోబోయారు.

"తమరితో నాకేటి తగువు లేదు బాబూ" అన్నారు మావయ్యగారు, చెయ్యి వెనక్కి తీసుకుని. ఆ మాట గుడి చివరిదాకా వినిపించింది. తరువాత కూర్చున్నారు.

రొట్టె పళ్ళెం వరసలోకి వచ్చింది. మావయ్యగారు దాన్ని రెండు చేతులతో అందుకుని, ముక్క తీసుకోకుండా కొడుకు చేతికి ఇచ్చారు. బెన్హర్ కూడా తీసుకోలేదు.