కళ్ళజోడు తీసేసిన వేళల్లో

"ఉల్లిపాయలు తరగడానికి కళ్ళెందుకమ్మా, చేతులు చాలవూ!" అన్నారు మా అత్తగారు.

నిన్న మధ్యాహ్నం నా రెండు కళ్ళకీ లేజరు ఆపరేషను అయింది. ఇవాళ పొద్దున్న ఒక్కదాన్నే ఆటోలో ఆస్పత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకుని వచ్చి ఇంకా చెప్పులు విప్పనే లేదు, ఉల్లిపాయల బుట్ట ఎదురొచ్చింది. ఎలా ఉంది, డాక్టరు ఏమంది అని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అత్తగారు నవ్వుతూనే అన్నారు. ఆవిడ ఏదైనా నవ్వుతూనే అంటారు, అందుకే దెబ్బ ఎక్కడ తగిలిందో నాకు ఎప్పుడూ ఆలస్యంగా తెలుస్తుంది.

"వారం దాకా పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నారండీ. ఆవిరి తగలకూడదట."

"ఆ డాక్టరమ్మకేం, వాళ్ళింట్లో వంటమనిషి ఉండే ఉంటుంది."

డాక్టరు ఏం చెప్పిందో ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆపరేషనుకి ముందే ఆవిడ ఎంతో ఓపికగా చెప్పింది. సూది ఉండదు, మత్తు చుక్కలే వేస్తామంది. వెంట్రుక కాలినట్టు వాసన వస్తుంది, కంగారు పడొద్దంది. ఆ సాయంత్రమంతా కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది, మర్నాటికి చాలామందికి చూపు తేటపడుతుందంది. కొన్నాళ్ళు రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, కళ్ళు పొడిబారతాయి, చుక్కల మందు మానకూడదంది. నల్లగుడ్డు మీద పల్చటి పొరను విప్పి మళ్ళీ మూస్తాం కాబట్టి అది కుదురుకునేదాకా కళ్ళు నలపకూడదు, నీళ్ళు పడనివ్వకూడదు. అందరికీ నూటికి నూరు పాళ్ళు చూపు వస్తుందని మాటివ్వలేనని కూడా చెప్పింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. పక్క కుర్చీలో ఉన్న మా ఆయన అంతసేపూ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నారు. బయటికొచ్చాక "వారం దాకా ఏమీ కనపడదటగా" అన్నారు. కాదని చెప్పబోతే మళ్ళీ ఫోను మోగింది. ఇంటికొచ్చి అదే మాట అందరికీ చెప్పేశారు.

నేను బస్సు డిపోలో టిక్కెట్ల కౌంటరులో పనిచేస్తాను. అద్దం వెనక కూర్చుని చిల్లర ఇవ్వడం కాదు, బస్సు నడపాలని నా కోరిక. సెలవు రోజుల్లో డిపో ఆవరణలో నేర్చుకున్నాను. పెద్ద బండిని వెనక్కి తిప్పి గోడ వారగా నిలబెట్టడం చూసి, నేర్పిన పెద్దాయన నా భుజం తట్టాడు. లైసెన్సు వచ్చింది. ఇక మిగిలింది డిపోవాళ్ళు పెట్టే కంటి పరీక్ష. వచ్చే నెల కళ్ళద్దాలు లేకుండా బోర్డు మీది అక్షరాలు చదవాలి. చదివితే డ్రైవరు సీటు, లేకపోతే జీవితాంతం కౌంటరు. నా చిన్నప్పటి పేరు సోడాబుడ్డి. ఇంట్లో ఈ సంగతి చెప్పిన రోజు మా ఆయన పడీపడీ నవ్వి, "సోడాబుడ్డి బస్సు ఎక్కితే జనం దిగి పరిగెడతారు" అన్నారు. ఆపరేషనుకి మాత్రం ఒప్పుకున్నారు. పెళ్ళినాటి నుంచీ ఫొటో తీసేటప్పుడల్లా "ఆ కళ్ళజోడు తీసెయ్, బావుండదు" అనే మనిషి, ఎందుకు ఒప్పుకోరు? నా పెళ్ళి ఫొటోల్లో నేను నవ్వుతున్నది కెమెరా వైపేనని నాకిప్పటికీ నమ్మకం లేదు.

అలవాటున్న చేతులు కదా, నా అనుమతి అడగకుండానే కత్తి అందుకున్నాయి. నాకు నా మీదే ఒళ్ళు మండింది. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన నల్ల కళ్ళజోడు తీసి గూట్లో పెట్టాను. వంటింట్లో కళ్ళజోడు తీసెయ్యడం నాకు పాత సంగతే. పొయ్యి వెలిగించగానే అద్దాలు ఆవిరి పట్టేవి, తుడిచి తుడిచి విసుగొచ్చి అసలు పెట్టుకోవడమే మానేశాను. ఇన్నేళ్ళూ ఈ ఇంటికి నేను వండి పెట్టింది మూర దూరం దాటి ఏమీ కనపడని కళ్ళతోనే.

గిన్నె పొయ్యి మీద పెట్టి తలెత్తాను. వంటింటి గుమ్మం నుంచి చూస్తే హాలంతా కనిపిస్తుంది. అవతలి గోడ మీద గడియారంలో సెకన్ల ముల్లు కదులుతోంది. వంటింట్లోంచి అది నాకు కనిపించడం ఇదే మొదటిసారి! ఒక్క క్షణం కేక పెట్టి అందర్నీ పిలవాలనిపించింది.

అప్పుడే మా ఆయన సోఫాలోంచి లేచారు. నా వైపు తిరిగారు. గూట్లోని కళ్ళజోడు చూశారు, నన్ను చూశారు. కళ్ళు చికిలించి, మెడ కొంగలా ముందుకు సాచి, రెండు చేతులతో గాల్లో స్టీరింగు తిప్పడం మొదలుపెట్టారు. దేన్నో గుద్దినట్టు ఒళ్ళంతా అదిరిపడ్డారు. తర్వాత తడుముకుంటూ కిందికి దిగి, టైరు కింద ఎవరైనా ఉన్నారా అన్నట్టు వంగి వెతికారు. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇద్దరి మధ్యా మా అమ్మాయి. అది కూడా రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వుతోంది. చప్పుడు బయటికి రాకూడదని దానికి ఎవరో నేర్పారు.

ఇది ఇవాళ కొత్తగా పుట్టిన ఆట కాదు. ఎవరు ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు ఆపాలో వాళ్ళకి బాగా తెలుసు. నేను వంటింట్లో ఉంటే హాల్లో హఠాత్తుగా సద్దు మణిగేది. మా వాళ్ళు ఎంత నెమ్మదస్తులో అని మురిసిపోయేదాన్ని. ఆడపడుచు వచ్చిన రోజుల్లో ఇంకా నెమ్మదిగా ఉండేది. ఛీ! వాళ్ళ కోసం నేను మసిలిపోతుంటే, వాళ్ళకి నేనొక వినోదం. నాకు ఏడుపు రాలేదు, కోపంతో చెవులు వేడెక్కాయి.

పొయ్యి ఆర్పేశాను. సగం తరిగిన ఉల్లిపాయ అక్కడే వదిలేసి, చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చాను. అందరూ బుద్ధిగా టీవీ చూస్తున్నారు.

"వారం దాకా నేను వంటింట్లోకి వెళ్ళను."

"మరి భోజనం?" అన్నారు మా ఆయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"చేతులు చాలునట కదా. మీకూ రెండున్నాయి."

పడగ్గదిలోకి వెళ్ళి పడుకున్నాను. బయట అత్తగారు "ఏమిటా పొగరు?" అనడం వినిపించింది. కాసేపటికి మా అమ్మాయి చుక్కల సీసా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నేను వెయ్యనా అమ్మా?"

"ఇందాక ఎందుకు నవ్వావో చెప్పి వెయ్యి."

దాని మొహంలో రంగు మారింది. ఇంత దూరం నుంచి ఆ మార్పు నాకు స్పష్టంగా కనిపించింది.

"నీకు కనపడుతోందా?"

"కనపడుతోంది."

అది మంచం అంచున కూర్చుంది. సీసా మూత విప్పింది, మళ్ళీ బిగించింది.

"నాన్న ఎప్పుడూ చేస్తారు కదమ్మా. నీకు తెలుసనుకున్నాను. తెలిసే ఊరుకుంటావనుకున్నాను. అమ్మలు ఊరుకోవాలేమో అనుకున్నాను."

దాని మీద ఉన్న కోపమంతా ఆ మాటతో పోయింది. ఆయన మీదిది మాత్రం రెట్టింపైంది. నన్ను చూసి నవ్వడం ఒక ఎత్తు. నన్ను చూపించి నా కూతురికి నేర్పింది ఇదన్నమాట. రేపు అది ఏ వంటింట్లోనో నిలబడి, వెనక ఎవరెలా నవ్వినా, ఊరుకోవడమే ఆడదాని పని అనుకుంటుంది. ఊరుకునే మనిషిని కానని దాన్ని కూర్చోబెట్టి చెబితే సరిపోదు.

చుక్కలు వేయించుకున్నాను. మందు కళ్ళలో ఇంకేదాకా ఆగి, దాని చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచాను. టీవీ కట్టేశాను. మా ఆయన విసుగ్గా తలెత్తి, "మళ్ళీ ఏమైంది?" అన్నారు.

ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఇందాక చేసింది మళ్ళీ చెయ్యండి. స్టీరింగు తిప్పడం దగ్గర్నుంచి. ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ అది చూడనిదాన్ని నేనొక్కదాన్నే."