చేతులు వెనక్కి

"ఆ జిప్పేదో నువ్వే పెట్టెయ్యరాదూ, పొద్దున్నే దాన్నెందుకలా ఏడిపిస్తావ్?" అన్నాడు మా ఆయన జయదేవ్, సోఫాలోంచి లేవకుండానే. చేతిలో నేనిచ్చిన కాఫీ, ఒళ్ళో లాప్‌టాప్. గుమ్మం దగ్గర నేల మీద నేను, నా ఎదురుగా మా ఆరేళ్ళ రూప. స్నో ప్యాంటు ఎక్కించాను, బూట్లు తొడిగాను, జాకెట్ వేశాను. ఇక మిగిలింది జిప్పు, గ్లవ్స్. జిప్పు కింది కొనని రెండో వైపు దూర్చడం దానికి రాదు. వేళ్ళకి పట్టు నిలవదు. కాసేపు గింజుకుని, రెండు చేతులూ చాచి బొమ్మలా నిలబడిపోతుంది. ఎవరో ఒకరు వచ్చి ఆ పని ముగిస్తారని దానికి తెలుసు. ఆ ఎవరో ఒకరు నేనే. బొత్తాలూ నేనే, అన్నం ముద్దలూ నేనే, జడా నేనే. ఇంట్లో మిగతా ఇద్దరికీ, ఆయనకీ మా అత్తగారికీ కూడా ఇంచుమించు ఇదే సేవ. కాకపోతే వాళ్ళ చేతులకి ఏ లోపమూ లేదు.

ఆ రోజు సాయంత్రం స్కూలు గేటు దగ్గర రూప టీచరు నన్ను పక్కకి పిలిచింది. మెల్లగా, నొప్పించకుండా చెప్పింది. మధ్యలో ఆటలకి వదిలే రిసెస్ బెల్ కొట్టగానే పిల్లలంతా స్నో ప్యాంట్లు వేసుకుని బయటికి పరుగెడతారట. నా కూతురు మాత్రం ఎవరు సాయం చేసినా సగం వేసుకునేసరికే లోపలికి రమ్మనే బెల్ మోగుతుందట. చలికాలం మొదలైనప్పటి నుంచీ దాని ఆటల టైమంతా కారిడార్‌లో బెంచీ మీదే గడిచిపోతోందట. ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టుకి చూపించండి, స్కూలు తరఫున అంటే చాలా కాలం ఆగాలి, దగ్గర్లో ఎవరైనా ఉన్నారేమో మీరే వెతుక్కుంటే మంచిది అంది. బస్టాప్‌లో రూపని అడిగాను, ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదురా తల్లీ అని.

"ఇట్స్ ఓకే మమ్మీ. ఐ లుక్ ఎట్ ద బూట్స్" అంది.

ఖాళీ కారిడార్‌లో వరసగా పెట్టిన బూట్లని చూస్తూ కూర్చుంటుందట. బస్సు వచ్చింది, ఎక్కాం.

రాత్రి భోజనాల దగ్గర సంగతి చెప్పాను. మా అత్తగారు ఈశ్వరమ్మ విజిటర్ వీసా మీద కెనడా వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. "ఆరేళ్ళ పిల్లకి ఆక్యుపేషన్ ఏంటే అమ్మాయ్, చోద్యం కాకపోతే!" అన్నారు. ఉద్యోగం కాదత్తయ్యా, మనిషి పొద్దున్న లేచింది మొదలు చేసుకునే పనులన్నిటినీ వీళ్ళు ఆక్యుపేషన్ అనే అంటారు, తినడం, బట్టలు వేసుకోవడం, ఆడుకోవడం అని టీచరు చెప్పినట్టే వివరించబోయాను. జయదేవ్ నవ్వాడు. "అయితే ముందు నీ కోడలికి ఒక ఆక్యుపేషన్ చూసిపెట్టమను వాళ్ళని" అన్నాడు తల్లితో. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు మధ్యలో ఆయన కంచంలో పెరుగు వేసింది నేనే. వెయ్యకుండా ఉండాల్సిందని నాకు తర్వాత తోచింది. అదేమిటో, నాకు కోపం ఎప్పుడూ గిన్నెలు కడిగేటప్పుడే వస్తుంది.

నవ్వడం అయ్యాక ముఖం సీరియస్‌గా పెట్టాడు. "చూడు బాలా, కిండర్‌గార్టెన్‌లో అప్పటి టీచరు ఇదే మాట అన్నప్పుడే చెప్పాను నీకు. మన పర్మనెంట్ రెసిడెన్సీ, పీఆర్ ఫైల్ పెండింగ్‌లో ఉంది. పిల్లకి ఏదో ప్రాబ్లమ్ ఉందని ఒక్క కాగితం ఎక్కడైనా ఎక్కిందనుకో, ఇమిగ్రేషన్ వాళ్ళ చేతికి వెళ్తుంది. గవర్నమెంటుకి బరువని మొత్తం ఫ్యామిలీ ఫైలే రిజెక్ట్ చేస్తారు. అమరేశ్వరరావు గారు చెప్పారు, ఎవరికో అలాగే అయిందని. పీఆర్ వచ్చాక చూద్దాం."

అమరేశ్వరరావు గారు మా తెలుగు అసోసియేషన్‌లో పెద్ద మనిషి. ఎవరికో అంటే ఎవరికి అని నేను ఏనాడూ అడగలేదు. కిండర్‌గార్టెన్‌లో నోరు మూసుకున్నాను, ఆ తర్వాత కూడా మూసుకున్నాను. అంత పెద్ద భయం ముందు పిల్ల జిప్పు ఎంత చిన్నగా కనిపించిందో! "పైగా ఆడపిల్ల. ఇలాంటివి నలుగురిలో పెడతారా ఎవరైనా?" అన్నారు అత్తగారు. ఆవిడే మర్నాడు ఫోన్‌లో ఎవరితోనో, "అన్నీ నోటికందిస్తుందమ్మా మా కోడలు, పిల్లకి చేతులెలా వస్తాయి?" అంటుంటే విన్నాను. పోయిన నెల ఇదే నోటితో, పిల్లకి సరిగ్గా తినిపించదు, అందుకే బలం లేదు అన్నారు. ఏదో ఒకటి తేల్చుకోండి అత్తయ్యా అని అరవాలనిపించింది.

అరవలేదు. కింద లాండ్రీ రూమ్‌లో బట్టలు తిరుగుతున్నంతసేపూ ఫోన్లు చేశాను. ఒకచోట కొత్తవాళ్ళని తీసుకోవడం లేదన్నారు. ఇంకొకచోట ఎన్నో ప్రశ్నలు అడిగి, మేం పనిలో దెబ్బ తగిలిన పెద్దవాళ్ళనే చూస్తామండీ అన్నారు. పనిలో దెబ్బ తగిలిన పెద్దదాన్ని నేనున్నాను అనబోయి నాలుక కరుచుకున్నాను. విసిగిపోయి మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, "స్కార్‌బరోలో పిల్లలకి మంచి ఓటీ ఎవరైనా తెలుసా?" అని పెట్టాను. ఆక్యుపేషనల్ థెరపిస్టుని ఇక్కడ పొట్టిగా ఓటీ అంటారు. క్షణాల్లో జవాబులు. ఓటీ అంటే ఓవర్‌టైమా, ఏ వేర్‌హౌస్‌లోనండీ అని ఒక స్టూడెంటు. పాపకి ఆపరేషనా, ఏ హాస్పిటల్, అయ్యో దేవుడా అని ఒక ఆంటీ. ఆ వెంటనే జయదేవ్ ఫోన్. "డిలీట్ చెయ్. ఇప్పుడే. మా మేనేజర్ వైఫ్ ఉంది ఆ గ్రూపులో, బుద్ధుందా నీకు?" డిలీట్ చేశాను. పొరపాటున పెట్టానని సారీ కూడా చెప్పాను. నా బిడ్డ గురించి అడిగినందుకు సారీ!

సాయంత్రానికి నాకొక్కదానికే మెసేజ్ వచ్చింది. సుగుణ అని, పూజల దగ్గర పలకరించుకునే పరిచయం, అంతే. "బాల గారూ, మీరు డిలీట్ చేసేలోపే చూశాను. మా వాణ్ణి లోరైన్ అనే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. నంబర్ పంపుతున్నా. చాలా మంచిది. నేను చెప్పానని మాత్రం ఎవరికీ చెప్పకండి ప్లీజ్, మా ఇంట్లో ఒప్పుకోరు." మా బిల్డింగ్ నుంచి ఒక్క బస్సు దూరం. ఇన్నాళ్ళూ ఎదురుపడితే చీరలు బాగున్నాయని చెప్పుకుని నవ్వుకున్నాం, ఇద్దరం ఒకే ఏడుపు దాచుకుంటూ.

శనివారం లైబ్రరీకి వెళ్తున్నామని చెప్పి రూపని తీసుకెళ్ళాను. ఇండియన్ గ్రోసరీ ఉన్న ప్లాజాలోనే, మెట్లెక్కితే పైన చిన్న గది. జుట్టు నెరిసిన లోరైన్ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రూపతో ఆడింది, పిండి పిసికించింది, పూసలు గుచ్చించింది. తర్వాత పెద్ద పెద్ద బొత్తాలున్న ఒక చొక్కా ఇచ్చింది. రూప చొక్కా తొడుక్కుని, అలవాటుగా రెండు చేతులూ చాచి నా వైపు తిరిగింది. నా చేతులు వాటంతటవే లేచాయి.

"బాలా, నీ చేతులు వెనక్కి పెట్టుకో" అంది లోరైన్.

పెట్టుకున్నాను. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. "నోరు కూడా. ఎలా పెట్టాలో చెప్పకు. ఊరికే నిలబడు" అంది. రూప నా వంక చూసింది, పెదవి వంకరపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. అబ్బా, ఎంత కష్టమో అది! నా ఒళ్ళంతా చేతులైపోయి ముందుకు గుంజుతున్నట్టుంది. చాలాసేపటికి ఒక బొత్తాం కన్నంలో దూరింది. రూప దాన్ని చూసుకుంది, మళ్ళీ నన్ను చూసింది. నవ్వలేదు. రెండో బొత్తాం పట్టుకుంది.

"నేను అన్నీ చేసి పెట్టడం వల్లే ఇలా అయిందా?" అని అడిగాను. లోరైన్ తల అడ్డంగా ఊపింది. "కాదు. దాని చేతులు తొందరగా అలిసిపోతాయి. దానికి అవసరమని నువ్వు చేశావు. ఇప్పుడిక కొంచెం కొంచెం ఆగుతావు, అంతే." తప్పు నాది కాదని ఏ మనిషైనా అనగా విని ఎన్నాళ్ళయిందో. ఏడుపాపుకుంటూనే ఇమిగ్రేషన్ సంగతి కూడా అడిగేశాను. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలా బాధగా చూసింది. "ఇక్కడి సంగతులు నీ అనుమతి లేకుండా నేనెవరికీ పంపను. దీనికోసమా ఇంతకాలం ఆగారు?" అంది. అవునని చెప్పడానికి సిగ్గేసింది. నా వెనక రూప ఇంకా రెండో బొత్తాంతోనే కుస్తీ పడుతోంది.

ఆ రాత్రి అత్తగారు రూప పైజమా బొత్తాలు పెట్టబోతే పిల్ల వెనక్కి జరిగింది. "నో! లోరైన్ సెడ్ హ్యాండ్స్ ఎట్ ద బ్యాక్!" అంది. జయదేవ్ తలెత్తి, "లోరైన్ ఎవరు?" అన్నాడు.

చెప్పేశాను. అబద్ధం ఆడే ఓపిక లేదు. ఎంత అరిచాడో! పీఆర్ పోతే ఎవరు బాధ్యులన్నాడు, ఇన్నేళ్ళ నా కష్టం అన్నాడు, ఒక ఫోన్ ఉంటే సరి, డాక్టర్లయిపోతారు అన్నాడు. "చేతులు కట్టుకుని నిలబడటానికి ఒక థెరపీ, దానికొక థెరపిస్టు! ఇంకొకసారి వెళ్ళావంటే ఊరుకోను. పీఆర్ వచ్చేదాకా ఆ మాటే ఎత్తద్దు." అత్తగారు కళ్ళొత్తుకున్నారు. రూప తన కుర్చీలో కదలకుండా కూర్చుంది. తల వంచుకుని నేల వైపు, గుమ్మం దగ్గరి బూట్ల వైపు చూస్తోంది. బెంచీ మీద ఇలాగే కూర్చుంటుంది కాబోలు అనుకున్నాను. అంతే, నాలో ఏదో ఆగిపోయింది.

అరుపులయ్యాక టేబుల్ దగ్గర కూర్చున్నాడు. "సరే, అన్నం పెట్టు" అన్నాడు, ఏమీ జరగనట్టు.

స్టవ్ మీద అన్నం ఉంది, పప్పు ఉంది, వంకాయ కూర ఉంది. నా చేతులు అలవాటుగా లేవబోయాయి. వెనక్కి పెట్టుకున్నాను. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాను.

"నిన్నే. వడ్డించు."

నేను కదల్లేదు. అత్తగారు లేవబోయారు. "కూర్చోండత్తయ్యా" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో, ఆవిడ కూర్చుండిపోయారు. జయదేవ్ నన్ను ఎగాదిగా చూశాడు. కుర్చీ వెనక్కి తోసి వంటింట్లోకి వెళ్ళాడు. ఒక అల్మారా తలుపు తెరిచిన చప్పుడు. మూసిన చప్పుడు. ఇంకొకటి.

"కంచాలెక్కడ పెట్టావ్?" అని అరిచాడు.

ఈ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ కంచాలు అక్కడే ఉన్నాయి. జవాబు నా నాలుక చివరి దాకా వచ్చింది. నోరు కూడా అంది లోరైన్. మింగేశాను. రూప తల ఎత్తి నా వెనక్కి చూసింది, నా చేతులు ఎక్కడున్నాయో చూసుకుంది. మెల్లగా కుర్చీ దిగి, తన పైజమా మీది ఆఖరి బొత్తాం పట్టుకుంది.

"వచ్చే శనివారం రూపకి మళ్ళీ అపాయింట్‌మెంట్ ఉంది. మేం వెళ్తున్నాం" అన్నాను, వంటింటి వైపు తిరిగి.

లోపల ఇంకో అల్మారా తలుపు తెరుచుకుంది.