సూదికొండా, వాగులకొండా?

సోమవారం ఉదయం ఎనిమిదింటికి షాపు తెరిచి వెనక గదిలోకి వెళ్లాను. కొక్కేనికి తగిలించిన చచ్చిన తాడు అక్కడ లేదు.

మాది కొండలెక్కేవాళ్లకు సామాను అద్దెకిచ్చే షాపు. గుడారాలు, బూట్లు, వీపుసంచులు, తాళ్లు. తాళ్లను పరీక్షించే పని నాది. గురువారం ఒక కస్టమరు జారిపడి, పదునైన రాతి అంచు మీద ఆ తాడుతో వేలాడి బతికి బయటపడ్డాడు. తాడు పైతొడుగు కొత్తదానిలాగే మెరుస్తోంది. కానీ వేళ్ల మధ్య జార్చి చూస్తే ఒకచోట ఉడికిన వంకాయలా మెత్తగా నొక్కుకుపోయింది. అంటే లోపలి దారాలు తెగాయి. అలాంటి తాడును అప్పటికప్పుడు వేడి కత్తితో ముక్కలు చేసెయ్యాలి. ఆ వేళకి కరెంటు లేదు. పొరపాటున ఎవరూ అద్దెకివ్వకుండా చివర ఎర్ర టేపు చుట్టి, రేపు కోద్దాంలే అనుకున్నాను. అలాంటి రేపులు మూడు గడిచాయి.

మా షాపులో ఎర్ర టేపు చుట్టిన వస్తువు ఇంటివాళ్లది. బయటివాళ్లకు ఇవ్వకూడదు. అది నాన్న పెట్టిన పద్ధతి. ఆ టేపు చూసి ధైర్యంగా తాడు తీసుకెళ్లేది మా ఇంటివాళ్లే.

మా చెల్లి, మరిది తెల్లవారుజామున ఐదున్నర బస్సుకి కొండకి వెళ్లారు.

ఫోన్ చేశాను. ఇద్దరివీ స్విచాఫ్. కొండెక్కేటప్పుడు ఫోన్ ముట్టుకోకూడదని వాళ్ల పంతం.

అసలు చిక్కు అది కాదు. ఏ కొండకి వెళ్లారో మాకెవరికీ తెలియదు.

వారం రోజులుగా ఇంట్లో అదే గొడవ. తూనీగ (చిన్నప్పటి నుంచీ చెల్లిని అలాగే పిలుస్తాం) సూదికొండ అంటుంది. చుక్క నీరు దొరకని రాతి గట్టు, మధ్యలో తాడు కట్టి ముప్ఫై మీటర్లు దిగాలి. స్కూల్లో డ్రాయింగు చెప్పే మా మరిది వాగులకొండ అంటాడు. అడుగడుగునా నీళ్లు, పచ్చిక, బొమ్మలు గీసుకోవడానికి చోటు. అక్కడ పెద్ద వాగు దాటడానికీ తాడు కావాలి. ఆదివారం రాత్రి అన్నాల దగ్గర కూడా తెగలేదు. పొద్దున లేచి సంచులు సర్దుకునేటప్పుడు తేల్చుకుంటామని చెప్పి పడుకున్నారు. ఏ కొండైనా పదకొండింటికల్లా తాడు విప్పాల్సిన చోటికి చేరతారు.

మా ఆయన జీపు తాళాలు చేతిలో పట్టుకుని ఎటు అన్నాడు. ఇక్కణ్ణుంచి ఇరవై కిలోమీటర్ల దగ్గర దారి చీలుతుంది. ఒక కొండకి వెళ్లి, లేరని తెలుసుకుని, రెండో కొండకి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

"సూదికొండే," అన్నాడు నాన్న. "పెళ్లయి మూణ్ణెల్లయింది. అల్లుడు గెలిచిన పందెం ఒక్కటి చూపించండి."

మా ఆయన ఒప్పుకోలేదు. గోడ మీద మేకు చూపించాడు. వాగు నీళ్లు వడగట్టే పంపు అక్కడ లేదు. నీళ్లే లేని కొండకి పంపు ఎందుకు పట్టుకెళ్తారని అడిగాడు. నిజమే. నా బుర్ర వాగులకొండ వైపు ఒరిగింది. జీపెక్కబోతూ తలుపు మీద సుద్దగీతలు చూసి ఆగిపోయాను.

ఏ సంచీ కాటాకి వేలాడదీయకుండా మా గడప దాటదు. బరువు తలుపు మీద సుద్దతో రాయాల్సిందే. అది కూడా నీళ్లు నింపాకే తూచాలి. నీళ్లు లేని సంచిని తూచడమంటే పెళ్లికొడుకు లేకుండా పెళ్లి చేయడమేనని నాన్న మాట. చెల్లిది పదిహేను, మరిదిది పద్దెనిమిది అని రాసుంది. పోయిన నెల ఇద్దరూ నీళ్లు దొరికే వేరే కొండకి వెళ్లినప్పుడు పదకొండు, పద్నాలుగు.

"చెరో నాలుగు కిలోలు పెరిగాయి," అన్నాను.

"తిండి ఎక్కువ పెట్టుకుని ఉంటారు. కొత్త దంపతులు," అన్నాడు మా ఆయన.

"తిండైనా, గుడారమైనా తూనీగ మొగుడి సంచిలోకే తోస్తుంది. ఇద్దరికీ సమానంగా పెరిగేది నీళ్లొక్కటే. ఎవరి నీళ్లు వాళ్లే మోయాలని కదా మన లెక్క. పంపు గుప్పెడంతే, అలవాటుగా సంచిలో పడేసి ఉంటారు; వాగులున్న కొండకి నాలుగు కిలోల నీళ్లు ఎవరూ మోయరు. పద."

చీలిక దగ్గర ఆయన జీపు ఆపేశాడు. ఇంజను ఆపలేదు.

"ఇంకోసారి ఆలోచించు. తప్పయితే..."

"తప్పయితే ఏమవుతుందో నాకు తెలుసు. కుడికి తిప్పు."

సూదికొండ మొదట్లో నన్ను దింపి, తను వాగులకొండకి తిప్పుకున్నాడు. ఆయన అక్కడికి సమయానికి చేరడని ఇద్దరికీ తెలుసు. అయినా ఊరికే కూర్చోలేక వెళ్లాడు.

తొమ్మిదీ పావు. రెండున్నర గంటల ఎక్కుడు. నేను గంటా ముప్పావులో ఎక్కాలి. పరుగు కాదు, నడక కాదు, రెండింటికీ మధ్య ఏదో. అరగంటయ్యాక తెలిసింది, నీళ్ల సీసా జీపులోనే మర్చిపోయానని. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. దారంతా రాయి. అడుగుజాడ పడే చోటు లేదు. మనిషి అలికిడి లేదు. ఒక్క కేక వినిపించినా బాగుండు అనుకున్నాను. వెంటనే, ఏ కేకా వినపడకూడదు దేవుడా అనుకున్నాను. ఈపాటికి వాగులో నడుం లోతు నీళ్లలో తూనీగ ఆ తాడు పట్టుకుని ఉందేమో. సుద్దగీతల్ని నమ్మి చెల్లిని చంపుకున్నానేమో.

చివరి మలుపు తిరిగాను.

గట్టు అంచున తూనీగ నిలబడి ఉంది. వీపు లోయ వైపు, ముఖం నా వైపు, తల వంచి నడుం బెల్టుకి తాడు బిగిస్తోంది. మరిది పక్కన లేడు. అప్పటికే దిగిపోయాడు.

అరవబోయి నోరు మూసుకున్నాను. దిగే ముందు ఒకసారి వెనక్కి వాలి, ఒంటి బరువంతా తాడు మీద వేసి ముడిని పరీక్షించాలి. దానికి ఆ అలవాటు నేర్పింది నేనే. ఉలిక్కిపడితే ముందు ఆ పనే చేస్తుంది.

పదిహేను అడుగులు. మామూలుగా నడిచాను.

"తూనీగా, కదలకు."

తలెత్తింది. నవ్వింది. "అక్కా? నువ్వేంటి ఇక్కడ? నాన్న నా మీద పందెం కాశాడా?"

"కాశాడు. గెలిచాడు. రెండడుగులు నా వైపు రా."

"ఉండు, ముడి చూసుకుని..." అంటూ మోకాళ్లు వంచింది.

మిగిలిన దూరం ఎలా దాటానో తెలియదు. దాని బెల్టు దొరకబుచ్చుకుని ఇద్దరం కలిసి గట్టు మీద పడ్డాం. నా మోచెయ్యి చీరుకుపోయింది. తూనీగ నాలుగు తిట్లు తిట్టి, నా ముఖం చూసి ఆగిపోయింది.

తాడు పైకి లాగాను. అంచుకి బారెడు కింద ఆ మెత్తని చోటు వచ్చింది. ఇప్పుడు మెత్తగా లేదు. తొడుగు చిట్లి, తెల్లటి పీచు వేలాడుతోంది. మిగిలినది పెన్సిలంత. మా మరిది డెబ్బై కిలోల మనిషి. దాని మీద వేలాడుతూ దిగాడు.

తూనీగ ఆ పీచును వేలితో తాకింది. "దీనికి మన టేపు ఉంది కదక్కా. ఎవరు చుట్టారు?"

"నేను."

"తెలిసే చుట్టావా?"

"కోయాలని చుట్టాను. గురువారం. కోయలేదు."

అది నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. తాడు చివరి ఎర్ర టేపును గోటితో ఊడదీయసాగింది. కింద నుంచి మరిది గొంతు వచ్చింది, తాడెందుకు లాగేశావని. ఇప్పుడు తను పైకెలా రావాలని అడుగుతున్నాడు. ఇంకా సరదాగానే ఉన్నాడు.

తూనీగ అంచు వైపు ఒకసారి చూసి, తాడు చివర నా చేతిలో పెట్టింది.

"ఆయనకి నువ్వే చెప్పు," అంది గుసగుసగా. "చుట్టూ తిరిగి వచ్చే దారి చెప్పు. తాడు సంగతీ చెప్పు. ఏదీ దాచకు."

అంచున బోర్లా పడుకుని కిందికి తల వంచాను. మరిది బండ మీద నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు.

"మాస్టారూ," అని కేకేశాను. "కాస్త కూర్చోండి. మీకు గురువారం నుంచి చెప్పాలి."