తెరుచుకునే నోరు

నేను ఒక చేప తలను. నిజం చేపను కాదు, చెక్క చేపను. శ్రీకాకుళం తీరంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నూకరత్నం, వాళ్ళ నాన్న పాత పడవ చెక్కతో నన్ను చేసింది. దవడకు ట్రంకుపెట్టె మడతబందు బిగించి, కండరాలకు బదులు వలదారాలు కట్టింది.

తొలినాటి చేపలకు పైదవడ పుర్రెకు అతుక్కుని ఉండేదట. తిండి దొరకాలంటే వీపు కండరం తలను పైకెత్తాలి, గొంతు కండరం కింది దవడను లాగాలి. అప్పుడు నోరు ఒక్కసారిగా తెరుచుకుని, నీళ్ళతో పాటు ఎర కూడా లోపలికి వచ్చేస్తుంది. మెడ వెనక దారం, గడ్డం కింద దారం కలిపి లాగితే నేనది చేసి చూపిస్తాను. కోట్ల ఏళ్ళ చరిత్రను మోస్తున్న నా నోట్లో పిల్లలు సుద్దముక్కలు కుక్కేవారు.

ఒకరోజు రత్నం నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. ఆమె తల్లి కొర్లమ్మ చేపలమ్మిన మనిషి. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా, నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. అంగిట్లో పుండు లేచింది, కేన్సరన్నారు. ఆస్పత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టించాక దవడ బిగుసుకుపోయింది. రోజూ నోరు సాగదీయకపోతే తిండి ఆగిపోతుందని డాక్టరు చెప్పాడు. అందుకని రత్నం నన్ను తల్లి ఎదురుగా పెట్టి దారాలు లాగేది.

"దీంతో పోటీ పడమ్మా."

"దీనికేటే, కూడు అక్కర్నేదు, నొప్పి నేదు. ఊరికే తెరుస్తది," అని కొర్లమ్మ నవ్వేది.

మొదట్లో రెండు వేళ్ళు పట్టేంత తెరిచేది. తరవాత ఒక వేలు. తరవాత చెంచా కూడా దూరలేదు. నేను మాత్రం ప్రతిసారీ పూర్తిగా తెరిచేదాన్ని. ఉప్పుగాలికి నా బందు తుప్పుపట్టి బిగుసుకుపోతే బాగుండునని ఎంత కోరుకున్నానో.

చివరి రోజు కొర్లమ్మ కవళ్ళ చేపల పులుసు అడిగింది. రత్నం ఒక చెయ్యి మెడ వెనక వేసి తల పైకెత్తింది. ఇంకో చేత్తో గడ్డం కిందికి లాగింది, నాకు చేసినట్టే.

"తెరమ్మా, ఒక్క చుక్క."

పులుసు పెదవి పక్కనుంచి కారి మెడ మీద పడింది.

"రుసి తెలిసిందిలే, అమ్మీ," అంది కొర్లమ్మ పళ్ళ సందులోంచి. కూతురి కోసం ఆడిన అబద్ధమది. ఆ సంగతి రత్నానికీ తెలుసు. ఆ సాయంత్రమే కొర్లమ్మ పోయింది.

నేను మళ్ళీ కాలేజీకి వచ్చి బీరువాలో చేరాను. నిన్న రత్నం అదే పాఠం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. ఒకమ్మాయి లేచి, "మేడం, దీనికి మోడల్ ఉండేదట కదా," అని అడిగింది.

"అది పాడైపోయిందమ్మా," అంది రత్నం.

తలుపు వెనకనుంచి విన్నాను. నేను పాడవలేదు. దారం లాగితే ఇప్పటికీ నోరు పూర్తిగా తెరుస్తాను. ఆమె ఓర్చుకోలేనిది అదే.