లేత్‌లోకి పోయిన వణుకు

పొద్దున్నే టీ తాగడం, పాతగుడ్డ కిరోసిన్‌లో ముంచి లేత్ తుడవడం. పదకొండు రోజులుగా మేస్త్రికి ఇదే పని. ముప్పై ఏళ్ళు ఒకే షెడ్డులో ఇనుము చెక్కినవాణ్ణి, కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక "ఇంక విశ్రాంతి తీసుకోండి" అని పంపేశారు. ఆ మాటకి అర్థం తెలియనంత వెర్రివాడా? ఎవరో మూలన పడేసిన లేత్ కొని ఇంటికి తెచ్చి, బోల్టుకి బోల్టు విప్పేశాడు. ఇది తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

అది దిగింది అత్తగారి గదిలో. ఆవిడ మంచం వసారాలోకి వచ్చింది.

"పిల్లనిచ్చాను, గది ఇచ్చాను. ఇంకేం మిగిలింది అల్లుడుగారూ నా దగ్గర?" అనేది ఆవిడ, దర్జీ పంపిన చొక్కాలకి కాజాలు కుడుతూ. డెబ్బై ఏళ్ళ మనిషి. చూడకుండానే సూదిలో దారం ఎక్కిస్తానని వీధంతా గొప్పలు చెప్పుకునేది. నిజమే కూడా.

విప్పేటప్పుడు ఏది దేనికి జతో తెలియాలని ఉలితో చుక్కలు కొట్టుకోవడం మేస్త్రుల పద్ధతి. ఈయన చెయ్యి వణికి, ఒక చుక్క కొట్టాల్సిన చోట మూడు పడ్డాయి. మూడుసార్లు తప్పుగా బిగించి, మూడుసార్లు విప్పాడు. అయినా తుప్పు గీకుతున్నకొద్దీ, గ్రీజు పూస్తున్నకొద్దీ చెయ్యి కుదుటపడుతూ వచ్చింది. ఆఖరి బోల్టు బిగించేసరికి వణుకన్నదే లేదు. ఆనందంతో ఏడ్చేశాడు పాపం.

మోటారు వేసి, లేత్ తలమీద రూపాయి బిళ్ళ అంచుమీద నిలబెట్టాడు. మంచి మిషనైతే బిళ్ళ పడదు. ఇది వెంటనే పడింది. పదిసార్లు పెడితే పదిసార్లూ పడింది.

పక్కింటి ప్లంబరు వచ్చి లేత్ మీద చెయ్యి వేసి చూశాడు.

"మీ వణుకు ఇందులోకి దిగిందండీ. నా ఎక్కిళ్ళు మా నీళ్ళ మోటారులోకి పోలేదూ? ఎవరో ఒకరు చెయ్యి వేసి రమ్మనాలి. మా ఆవిడ రమ్మంది."

"ఇప్పుడెలా ఉంది మోటారు?"

"బ్రహ్మాండంగా ఉంది. ఆవిడకే ఎక్కిళ్ళు."

మేస్త్రికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనక్కి రమ్మంటే చెయ్యి లేదు, వద్దంటే లేత్ లేదు.

"నేను రమ్మంటాను" అంది భార్య.

"పిచ్చి మాటలు మాట్లాడకు!" అని కసిరాడు గానీ, ఇంకేం చెయ్యాలో ఆయనకీ తోచలేదు. వసారాలో అత్తగారు దారం పళ్ళతో కొరికి, ఏమీ విననట్టే ఇంకో కాజా మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున లేత్ నడిపితే బిళ్ళ నిలబడింది. ఊపిరి బిగపట్టి చూశాడు. కదల్లేదు.

"అత్తయ్యగారూ, నిలబడింది!" అంటూ వసారాలోకి పరుగెత్తాడు.

"అరవకండి, నాకేం చెవుడు లేదు." ఆవిడ ఒళ్ళో చొక్కా ఉంది. చేతులు రెండూ కొంగు కింద ఉన్నాయి. "కళ్ళే కాస్త మసకేశాయి. ఆ సూదిలో దారం ఎక్కించి పెట్టండి."

దారం కొస చాలాసార్లు ప్రయత్నించినట్టు పీచుపీచుగా ఉంది. మేస్త్రి ఎక్కించాడు. ఒక్కసారికే ఎక్కింది.

"చూశారా, బంగారంలాంటి చేతులు" అంది ఆవిడ. కొంగు ఆగకుండా కదులుతోంది.

ఆయన ఆ కొంగు వైపు ఖాళీ చెయ్యి చాపాడు. "నాకిచ్చేయండి అత్తయ్యగారూ. రమ్మని పిలుస్తాను."

"ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. నేను కాకపోతే నా కూతురు పిలిచేది. వెళ్ళండి, మిషను ఊరికే తిరుగుతోంది."

దారం ఎక్కిన సూది పట్టుకుని, దాన్ని ఆవిడకి ఇవ్వాలో వద్దో తెలియక మేస్త్రి అక్కడే నిలబడిపోయాడు. గదిలో బిళ్ళ ఇంకా పడలేదు.